కరెంటు పాడే స్వరం

రాత్రి పదకొండు దాటి ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్లు తగిలించుకుని బేస్ గిటార్ సాధన చేయడం నా అలవాటు. ఒకరోజు అన్నిటికన్నా లావుపాటి ఇ తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, జీ స్వరాన్ని ఒక్కసారి మీటి వదిలేశాను. స్వరం సన్నగిల్లి, ఇక అడుగంటుతుందనగా ఊగడం మొదలుపెట్టింది. సెకనుకోసారి ఉబ్బి, తగ్గి, మళ్లీ ఉబ్బి... నిద్రపోయే మనిషి ఊపిరిలా. పక్క ఫ్రెట్‌లోని జీ షార్ప్ కూడా ఊగింది కానీ సెకనుకి రెండుసార్లు. ఇంకాస్త పైకి, ఏ స్వరం దగ్గరికి వెళితే ఆ ఊపు మరీ వేగమై సన్నటి వణుకుగా మారింది. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ తెలియకుండాపోయింది.

ఫ్రెట్ అరిగిందేమో, మెడ వంగిందేమో అని గంటసేపు వెతికాను. చివరికి కాగితం మీద లెక్క వేస్తే సంగతి బయటపడింది. బేస్ మీద ఆ జీ స్వరం పౌనఃపున్యం 49 హెర్ట్జ్. జీ షార్ప్‌ది 51.9. ఏ స్వరానిది 55. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్. 49కీ 50కీ తేడా ఒకటి, 51.9కి తేడా దాదాపు రెండు, 55కి ఐదు. ఇంటర్ ఫిజిక్సు ల్యాబులో రెండు ట్యూనింగ్ ఫోర్కులను పక్కపక్కన మోగించి లెక్కపెట్టిన విస్పందనాలు ఇవే. నా గిటార్‌లో ఒక ఫోర్కు ఇ తీగ, రెండోది గోడలో పరిగెత్తే కరెంటు. స్వరం గట్టిగా ఉన్నంతసేపు కరెంటు మోత దాని కింద అణిగి ఉంది. స్వరం తగ్గి రెండూ సమానమైన క్షణంలో ఊపు బయటపడింది. అమెరికాలో అయితే కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి ఈ ఊపు బి స్వరం దగ్గర కనబడేది.

ఆ రెంటినీ కలిపి నా చెవికి అందించింది తీగల కింద ఉన్న నల్లటి ప్లాస్టిక్ పెట్టె, పికప్. చర్చి క్వయర్‌లో వాయించే ఒక కుర్రాడు ఉద్యోగం వచ్చి ఊరు విడిచి వెళుతూ అమ్మితే ఆ గిటార్‌ను 14,000 రూపాయలకు కొన్నాను. జాజ్ బేస్ నమూనాలో చేసిన చవక వాద్యం. మెడ బాగుంది, చెక్క బాగుంది, శ్రుతి నిలుస్తుంది. ఈ మోత ఒక్కటే బాధ. పికప్‌లు మార్చెయ్యి, సరిపోతుంది అని అందరూ ఒకే మాట చెప్పారు. చివరికి మార్చాను. అయితే మార్చే ముందు ఆ పెట్టె అసలు ఏం వింటుందో తెలుసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో పెద్దగా డబ్బు ఖర్చుపెట్టకుండానే సగం లోపాలు పోయాయి.

పికప్‌ను మైకులాంటిది అనుకుంటారు. మైకు గాలిని వింటుంది, పికప్‌కు గాలితో పనిలేదు. దాని ముందు నోరు పెట్టి అరిచినా మామూలుగా స్పీకర్‌లో ఏమీ రాదు. అకౌస్టిక్ గిటార్‌కు వేసే కంచు చుట్టిన తీగలు వేస్తే నీరసంగా మోగుతుంది, నైలాన్ తీగ వేస్తే మూగబోతుంది. అది వినేది ఇనుము కదలికను మాత్రమే.

పాత పికప్‌ను విప్పి బల్ల మీద పెట్టుకుని చూశాను. ఎనిమిది లోహపు కడ్డీలు, ఒక్కో తీగకు ఇటొకటి అటొకటి, జంటలుగా. వాటి చుట్టూ ఎర్రటి రాగి తీగచుట్ట, ఇంట్లో దారపు ఉండలా నున్నగా. ఆ తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, తల వెంట్రుకంత. మీటరు పెడితే 7.5 కిలో ఓమ్‌లు చూపించింది. ఈ మందం రాగి తీగకు మీటరుకు సుమారు 5.4 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. భాగించి చూడండి: 1,400 మీటర్లకు కాస్త తక్కువ. అరచేతిలో పట్టే పెట్టెలో కిలోమీటరుకు పైగా తీగ! మైకేల్ ఫారడే 1831లో తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిపి కరెంటు పుట్టించాడు. ఇక్కడ అయస్కాంతం కదలదు. అది పైనున్న ఉక్కు తీగను కూడా చిన్న అయస్కాంతంగా మారుస్తుంది. తీగను మీటితే ఆ చిన్న అయస్కాంతం ఊగుతుంది, తీగచుట్ట గుండా వెళ్లే అయస్కాంత అభివాహం మారుతుంది, వోల్టేజి పుడుతుంది. తీగ ఎంత దూరం జరిగిందన్నదానికన్నా ఎంత వేగంగా జరిగిందన్నదే ఆ వోల్టేజిని నిర్ణయిస్తుంది.

ఈ యంత్రాన్ని బేస్ గిటార్‌లోకి తెచ్చి ఊరూరా నిలబెట్టినవాడు లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణంతో మొదలుపెట్టాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. మనిషెత్తు డబుల్ బేస్ మోసుకుని తిరిగే కళాకారుల అవస్థ, డ్రమ్ముల మధ్య ఆ శబ్దం వినబడకపోవడం చూసి 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. ఫ్రెట్లు ఉండటం వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. ఆయనకన్నా ముందే 1930లలో సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ విద్యుత్ బేస్ చేశాడు గానీ అది జనంలోకి వెళ్లలేదు. 1960లో ఫెండర్ జాజ్ బేస్ వచ్చింది, రెండు పికప్‌లతో. నా చవక వాద్యం దాని నకలే. ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన మన చెవికి, పాట కింద ఇంకో పాటలా నడిచే ఆ మంద్ర స్వరం చిన్నప్పటి నుంచీ పరిచయమే, వాద్యం పేరు తెలియకపోయినా.

రెండు పికప్‌లు ఎందుకు? నన్నడిగితే మొత్తం విషయంలో అందమైన భాగం ఇదే.

తీగ ఊగేటప్పుడు ఒకే రకంగా ఊగదు. మొత్తం తీగ ఒక్క విల్లులా ఊగుతుంది, అది ప్రాథమిక స్వరం. అదే సమయంలో రెండు సగాలుగానూ, మూడు భాగాలుగానూ, నాలుగు భాగాలుగానూ ఊగుతుంది. అవి అనుస్వరాలు. ఇవన్నీ ఒకే తీగ మీద ఒకదానిమీద ఒకటి పడి నడుస్తుంటాయి. పికప్ తన నెత్తిమీదున్న రెండు మూడు సెంటీమీటర్ల ముక్కను మాత్రమే చూస్తుంది. ఆ ముక్క దగ్గర ఏ అనుస్వరానికి అస్పందన బిందువు, అంటే ఊగని చోటు, పడితే ఆ అనుస్వరం పికప్‌కు వినబడదు. అంటే పికప్‌ను ఎక్కడ పెట్టామన్నదే సగం స్వభావాన్ని తేలుస్తుంది. ఏ కంపెనీది, ఎంత ఖరీదు అన్నవి తర్వాతి మాటలు.

లెక్క వేద్దాం. బేస్ మీద మెడ చివర తీగలు ఆనే నట్ నుంచి, రెండో కొసన ఆనే బ్రిడ్జి దాకా తీగ పొడవు 34 అంగుళాలు, 864 మిల్లీమీటర్లు. జాజ్ నమూనాలో మెడవైపు పికప్ బ్రిడ్జికి సుమారు 15 సెంటీమీటర్ల దూరంలో, వెనకది 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. వదులు తీగ మీద ప్రాథమిక స్వరం ఊపు బ్రిడ్జి దగ్గర సున్నా, మధ్యలో గరిష్ఠం. ఆ గరిష్ఠంలో మెడవైపు పికప్‌కు సగం దాకా అందుతుంది, వెనక పికప్‌కు ఐదో వంతు. అందుకే మెడవైపుది గుమ్మటంలా మోగుతుంది. వెనకదాంట్లో అడుగు తక్కువ, పై అనుస్వరాలు ఎక్కువ. ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది గానీ ప్రతి వేలి దెబ్బా విడివిడిగా తెలుస్తుంది. బేస్ కళాకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు లేని తన 1962 జాజ్ బేస్ మీద ఎక్కువగా నమ్ముకున్నది ఈ వెనక పికప్‌నే. రెండూ కలిపితే ఇంకో తమాషా జరుగుతుంది. ఇ తీగను వదులుగా మీటితే ఎనిమిదో అనుస్వరం దగ్గర, అంటే 330 హెర్ట్జ్ ప్రాంతంలో, మెడవైపు తీగ పైకి వెళ్తున్న క్షణంలో వెనకవైపు తీగ కిందికి వెళ్తుంది. రెండు వోల్టేజిలూ ఎదురెదురై దాదాపు కొట్టేసుకుంటాయి. రెండు పికప్‌లు పూర్తిగా తెరిచినప్పుడు మధ్యలో ఏదో ఖాళీ అయినట్టు, నునుపుగా వినబడేది అందుకే. ఏ ఖరీదైన పికప్ కొన్నా ఈ లెక్క మారదు, చెక్కలో పికప్‌లు కూర్చునే గుంతల చోటు మారదు కనక.

నాకు వెనక పికప్ ఒక్కటే కావాలి. నేను వాయించే చర్చి క్వయర్‌లో కీబోర్డు ఎడమచెయ్యి, డ్రమ్ములు, నలభై గొంతుల మధ్యలో నా స్వరం తేలాలంటే అదే దారి. అది ఒక్కటే తెరిస్తే మాత్రం మోత మొదలు. రెండూ తెరిస్తే మోత లేదు. మోత కూడా రెండు రకాలని తెలిసింది ఇక్కడే.

గిటార్‌ను యాంప్‌కు కలిపి తీగలను చేత్తో ముట్టుకోండి. జీరగా ఉన్న చప్పుడు ఒక్కసారిగా తగ్గితే అది విద్యుత్ క్షేత్రం వల్ల వచ్చేది. గదిలోని వైర్లు మన ఒంటిని ఒక ఏరియల్‌లా వాడుకుంటాయి. తీగలు బ్రిడ్జి ద్వారా గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి కనక ముట్టుకోగానే ఒళ్లు కూడా గ్రౌండ్ అవుతుంది, చప్పుడు పోతుంది. దీనికి మందు ఉంది: గిటార్ లోపలి గుంతలకు రాగి టేపు అంటించి దాన్ని గ్రౌండ్‌కు కలపడం. కోఠీ గుజరాతీ గల్లీలో టేపు కొనుక్కొచ్చి ఒక ఆదివారం కూర్చుని అంటించాను. జీర పోయింది.

ఇప్పుడు తీగలు ముట్టుకునే ఉండి, కుర్చీలో మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కులో మోత పెరిగి, ఇంకో దిక్కులో దాదాపు మాయమైతే అది అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చేది. యాంప్‌లోని ట్రాన్స్‌ఫార్మర్, ఇన్వర్టర్, గోడలోని వైర్లు పుట్టించే 50 హెర్ట్జ్ క్షేత్రం తీగచుట్టలోకి నేరుగా దూరుతోందన్నమాట. దీనికి రాగి టేపు పనిచేయదు. 50 హెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ క్షేత్రం చొచ్చుకుపోయే లోతు 9 మిల్లీమీటర్ల పైమాటే, మన టేపు మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు. టేపు అంటించాక కూడా మోత పోలేదని చాలామంది నిరాశపడేది ఈ తేడా తెలియకే. నా గదిలో ఫ్యాన్‌ను ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మీద రెండో నంబరులో పెట్టినప్పుడు మోత రెట్టింపయ్యేది, ఐదులో పెడితే తగ్గేది. తరంగాన్ని మధ్యలో కోసే రెగ్యులేటర్ 50తోపాటు 150, 250, 350... ఇలా పైకి ముళ్లు పుట్టిస్తుంది. పికప్ మార్చే ముందు ఫ్యాన్ ఆపి చూడటం ఉచితం.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మోత తగ్గించడానికి యాంప్ ప్లగ్గులో మూడో పిన్ను విరిచేసేవాళ్లను చూశాను. ఎర్త్ లేని పాత సాకెట్లున్న హాళ్లలో అసలే ప్రమాదం. గిటార్ తీగలు నేరుగా యాంప్ బాడీకి కలిసి ఉంటాయి. యాంప్‌లో చిన్న లీకేజీ ఉన్నా, ఒక చెయ్యి తీగల మీద ఉండగా పెదాలు ఇంకో లైనులోని మైకుకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. చప్పుడుతో బతకవచ్చు. ఆ పిన్నును ముట్టుకోవద్దు.

అయస్కాంత మోతకు అసలు విరుగుడు రెండు తీగచుట్టలు. ఒకదాన్ని ఒక దిక్కుగా, రెండోదాన్ని ఎదురు దిక్కుగా చుట్టి కలిపితే బయటి క్షేత్రం రెండింటిలో వ్యతిరేకంగా పుట్టి రద్దవుతుంది. మరి తీగ స్వరం కూడా రద్దవుతుందిగా? అవకుండా రెండో చుట్టలో అయస్కాంతాన్ని కూడా తలకిందులు చేస్తారు. రెండు తిరగబాట్లు కలిసి స్వరాన్ని సరిదిద్దుతాయి. కరెంటు మోతకు మన అయస్కాంతంతో సంబంధం లేదు కనక అది ఒక్క తిరగబాటుకే కొట్టుకుపోతుంది. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ ఇలాంటి జంట చుట్టకు 1955లో పేటెంట్ దరఖాస్తు పెట్టాడు, 1959లో వచ్చింది. ఫెండర్ 1957లో ప్రెసిషన్ బేస్ పికప్‌ను రెండు ముక్కలు చేశాడు: ఇ, ఏ తీగల కింద ఒకటి, డి, జీ తీగల కింద ఇంకొకటి. చూడ్డానికి మెట్లలా ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటాయి. ఒక్కో తీగను ఒక్క చుట్టే వింటుంది, మోతను రెండూ కలిసి చంపుతాయి. ఇంత పొదుపైన పరిష్కారం ఈ వాద్యాల చరిత్రలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఈ రోజుకీ చవక ప్రెసిషన్ నకళ్లలో కూడా మోత ఉండకపోవడానికి కారణం ఇదే. జాజ్ నమూనాలో మాత్రం ఒక్కో పికప్‌లో ఒక్కటే చుట్ట. మెడవైపుది, వెనకది ఒకదానికొకటి ఎదురుగా చుట్టినవి. రెండూ సమానంగా తెరిచినంతసేపూ జంటగా పనిచేస్తాయి, ఒకటి మూయగానే జంట విడిపోతుంది.

నా రోగం తేలింది. అయినా వెంటనే కొనలేదు. మోత కాకుండా ఇంకో రెండు ఫిర్యాదులున్నాయి నాకు: ఇ తీగ పై ఫ్రెట్ల దగ్గర శ్రుతి చెదిరినట్టు రెండు స్వరాలుగా వినబడటం, మొత్తం మీద మందకొడిగా, కప్పేసినట్టు మోగడం. ఇవి రెండూ పికప్ నాసిరకం కాబట్టి వస్తున్నాయని నేను ఖాయపరుచుకుని ఉన్నాను. రెండూ తప్పే.

మొదటిదానికి కారణం ఎత్తు. శబ్దం గట్టిగా రావాలని పాత యజమాని పికప్‌ను పైకి లేపి తీగలకు తగిలేంత దగ్గరగా పెట్టాడు. దగ్గరైతే వోల్టేజి పెరిగే మాట నిజమే, దాంతోపాటు అయస్కాంతం లాగుడూ పెరుగుతుంది. నిలువుగా ఊగే కదలికను ఒకలా, అడ్డంగా ఊగే కదలికను ఇంకోలా లాగడంతో ఒకే తీగ రెండు కొద్దిపాటి తేడా శ్రుతుల్లో మోగుతుంది. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కిపట్టి, తీగ అడుగుకీ కడ్డీకీ మధ్య లావు తీగవైపు మూడు మిల్లీమీటర్లు, సన్న తీగవైపు రెండున్నర ఉండేలా స్క్రూలు తిప్పాను. స్కూలు స్కేలు చాలు కొలవడానికి. శ్రుతి కుదురుకుంది. కాస్త తగ్గిన శబ్దాన్ని యాంప్ మీద మీట తిప్పి తెచ్చుకున్నాను.

రెండోదానికి తీగలు. ఎన్నేళ్లనాటివో తెలియదు, చెమట, మురికి పట్టి నల్లబడ్డాయి. చుట్టు సందుల్లో మురికి చేరితే పై అనుస్వరాలు పుట్టగానే చచ్చిపోతాయి. ఏ పికప్ అయినా లేని అనుస్వరాన్ని వినిపించలేదు. కొత్త నికెల్ తీగల సెట్టు వేయగానే గిటార్ పదేళ్లు చిన్నదైంది. పాత తీగలు చెడ్డవనేం కాదు. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు ప్రాణం పోసిన బేస్ కళాకారుడు జేమ్స్ జేమర్సన్ తన ప్రెసిషన్ మీద నున్నటి లావు తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రసిద్ధి. ఆ గుండెచప్పుడు లాంటి నాదం కావాలనుకునేవాళ్లకు అది సరైన పద్ధతి. నాకు కావలసింది వేరు.

కేబుల్ సంగతి కూడా చాలామంది పట్టించుకోరు. పికప్‌లోని తీగచుట్టకు ప్రేరకత్వం ఉంటుంది, జాజ్ రకానికి 3.5 హెన్రీల ప్రాంతంలో అనుకుందాం. కేబుల్‌కు మీటరుకు 100 పికోఫారడ్ల దాకా కెపాసిటెన్స్ ఉంటుంది. రెండూ కలిసి ఒక అనునాదం పుడుతుంది: ఆ పౌనఃపున్యం దగ్గర స్వరం కొంచెం ఉబ్బుతుంది, దానికి పైన వేగంగా పడిపోతుంది. చుట్ట సొంత కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లు కలుపుకుని 3 మీటర్ల కేబుల్‌తో లెక్కిస్తే ఆ ఉబ్బు 4,250 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 10 మీటర్ల కేబుల్‌తో 2,565కి దిగజారుతుంది. అదే పికప్, అదే చెయ్యి, కేబుల్ పొడవు మారితే స్వరం మసకబారుతుంది. స్టేజీ మీద పొడుగు వైరు వేసుకుని, నా బేస్ ఇవాళ ఎందుకో మొద్దుగా ఉందని బాధపడే కుర్రాళ్లకు ఈ లెక్క చూపించాలనిపిస్తుంది. బ్యాటరీతో పనిచేసే యాక్టివ్ వాద్యాల్లో, 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే లాంటివాటిలో, గిటార్ లోపలే చిన్న ప్రీయాంప్ ఉంటుంది కనక కేబుల్ ప్రభావం దాదాపు పోతుంది. అది వేరే లోకం.

మరి చవక పికప్‌లో నిజంగా చవక ఏమిటి? నాదాన్ని తిరగేసి చూస్తే కింద బూడిదరంగు పలక ఒకటి అంటించి ఉంది, ఫెరైట్ అయస్కాంతం. పైకి కనబడే ఎనిమిది కడ్డీలూ మామూలు ఉక్కు. ఆ ఒక్క పలక ఇచ్చే అయస్కాంతత్వాన్ని అవి పైకి మోస్తాయి, అంతే. పాత పద్ధతి పికప్‌లలో కడ్డీలే అయస్కాంతాలు, ఆల్నికో అనే మిశ్రమ లోహంతో చేసినవి: అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము. ఈ జాతి అయస్కాంతాలకు 1931లో జపాన్ శాస్త్రవేత్త టోకుషిచి మిషిమా ఆద్యుడు. ఫెరైట్ చెడ్డది, ఆల్నికో మంచిది అని సంగీత దుకాణాల్లో చెప్పే మాట నాకు రుచించదు. తేడా తెచ్చేది ప్రధానంగా ఉక్కు కడ్డీలు. చుట్ట మధ్యలో ఉక్కు ఉంటే ప్రేరకత్వం పెరుగుతుంది, అనునాదం కిందికి దిగుతుంది. ఉక్కులో సుడి ప్రవాహాలు తిరిగి ఆ ఉబ్బును అణచేస్తాయి. స్వరం కొంచెం చీకటిగా, లావుగా వస్తుంది. కొందరికి కావలసింది అదే. చవకవాటిలో నేను నిజమైన లోపం అనేది ఇంకోటి: మైనంలో ముంచకపోవడం. కరిగిన మైనంలో ముంచిన చుట్టలో తీగ మెదలదు. ముంచనిదాంట్లో చుట్లు వదులుగా ఉండి, యాంప్ గట్టిగా పెట్టినప్పుడు వాటంతట అవే అదిరి కీచుమంటాయి. పెట్టెను వేలిగోరుతో కొట్టి చూడండి. తలుపు కొట్టినట్టు టక్కుమని యాంప్‌లో వినబడితే ముంచలేదనుకోవచ్చు.

పెట్టె మీద రాసే కిలో ఓమ్‌ల సంఖ్య చూసి కొనకండి. ఎక్కువ ఓమ్‌లంటే ఎక్కువ శక్తి అనుకుంటారు. చుట్టకు సన్న రాగి తీగ వాడినా ఓమ్‌లు పెరుగుతాయి, చుట్లు పెరగనక్కరలేదు. ఇంకా చిత్రం, రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. ఏసీ గదిలో 20 డిగ్రీల దగ్గర 7.5 చూపే పికప్, మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల మేడ గదిలో 8.1 చూపిస్తుంది. పికప్ మారలేదు, ఎండ మారింది.

నాకు కావలసిందేమిటో ఇప్పుడు స్పష్టం: జాజ్ పికప్ కొలతల్లోనే ఉండి, లోపల రెండు చుట్టలున్నది. వీటిలో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి చుట్ట మీద చుట్ట పేర్చినది: పైది తీగలను, మోతను వింటుంది, కిందది ముఖ్యంగా మోతను విని దాన్ని కొట్టేస్తుంది, దారిలో కొంచెం స్వరాన్నీ మింగేస్తుంది. రెండోది పక్కపక్కన పెట్టినది: రెండు తీగలకు ఒక చుట్ట, ఇంకో రెండు తీగలకు ఇంకో చుట్ట. 1957 నాటి ఫెండర్ ఆలోచనే, ఒకే పెట్టెలో ఇమిడ్చినది. నేను రెండోదాన్ని ఎంచుకున్నాను. డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు సంక్రాంతికి వస్తూ తెచ్చాడు. జత ఖరీదు గిటార్ ఖరీదుకు దగ్గరదగ్గర. "మావయ్యా, ఇంత పెట్టి దీనికి వేసేకన్నా ఇంకో గిటారే కొనుక్కోవచ్చుగా" అన్నాడు. మెడ నా చేతికి అలవాటైపోయింది రా, అన్నాను. అంతకుమించి జవాబు లేదు నా దగ్గర.

కొనే ముందు కొలవాల్సింది ఒకటుంది. జాజ్ నమూనాలో వెనక పికప్ మెడవైపుదానికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు పొడుగు. చవక వాద్యాల్లో కొన్నిటికి రెండూ ఒకే పొడుగు. కొలవకుండా తెప్పిస్తే గుంతలో పట్టదు. అప్పుడు ఉలి పట్టుకోవాల్సి వస్తుంది.

పాత వైర్లు తీసేముందు ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకున్నాను. సోల్డరింగ్‌లో కష్టమంతా వాల్యూమ్ కంట్రోల్ వీపు దగ్గర. గ్రౌండ్ వైర్లన్నీ అక్కడే అతుకుతారు. అంత లోహం వేడిని పీల్చేస్తుంది. చిన్న 25 వాట్ల ఐరన్‌తో నిమిషాల తరబడి పట్టుకుంటే సోల్డర్ ముద్దగా ఉండిపోతుంది, ఈలోగా లోపలి కార్బన్ ట్రాక్ కాలిపోతుంది. వీపును ముందే కాస్త గీకి, 60 వాట్ల ఐరన్‌తో మూడు నాలుగు సెకన్లలో పని ముగించాలి. సోల్డర్ నీళ్లలా పాకి మెరవాలి. మసిబారి గుండ్రటి బొట్టులా నిలిస్తే అది అతకలేదు. ఆర్నెల్లకు గరగర మొదలవుతుంది.

రెండు పికప్‌లు ఒకే దిశలో ఉన్నాయో లేదో అతికే ముందే చూసుకోవాలి. తారుమారైతే రెండూ తెరిచినప్పుడు మంద్రమంతా రద్దయి, డొల్ల డబ్బా కొట్టినట్టు ఉంటుంది. నా దగ్గర పాత సూది మీటరు ఉంది. పికప్ వైర్లకు దాన్ని తగిలించి, స్క్రూడ్రైవర్‌ను కడ్డీల మీద ఆనించి చటుక్కున పైకి లాగితే సూది ఒకవైపు ఎగురుతుంది. రెండో పికప్‌కు అదే రంగు వైరుతో అదే చేస్తే అదే వైపు ఎగరాలి. నా రెండోదానికి ఎదురువైపు ఎగిరింది! పికప్‌తో వచ్చిన పట్టీ చదివితే వైరు రంగు నేనే తప్పుగా చూసుకున్నానని తెలిసింది. ఆ సూది ఎగరడం చూస్తుంటే ఫారడే ప్రయోగం నా బల్ల మీద జరుగుతున్నట్టే ఉంది.

అతికి, మూత బిగించి, తీగలు ఎక్కించి శ్రుతి చేసేసరికి రాత్రి పదకొండు. ఫ్యాన్ రెండో నంబరులోనే ఉంచాను. వెనక పికప్ ఒక్కటే తెరిచి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఇ తీగ మూడో ఫ్రెట్ దగ్గర జీ మీటాను. స్వరం సన్నగిల్లింది. ఊగలేదు. ఇంకా సన్నగిల్లి, ఇదివరకు మోత కింద కనబడకుండా పోయే చోటు దాటి కూడా చాలాసేపు సాగి, తీగ ఆగిపోయాకే ఆగింది. కుర్చీలో చుట్టూ తిరిగి చూశాను, అన్ని దిక్కులా అంతే.

స్వరం ఖరీదైన గిటార్‌లా మారిపోయిందా అని మేనల్లుడు ఫోన్‌లో అడిగాడు. పైన కాస్త తేటగా ఉంది, అది నిజం. మిగతా స్వభావం పాతదే. ఆ చోట, ఆ తీగలతో, ఆ వేళ్లతో అది అలాగే మోగుతుంది. పాత పికప్‌లను వాటి స్క్రూలతో, కింద పెట్టే నురుగు ముక్కలతో సహా ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి, ఏది మెడవైపుదో ఏది వెనకదో చీటీ రాసి అంటించాను.